లోయలోని వేడినీటి బుగ్గకు వెళ్లిరావడం ఎలా: దిగే ముందు నుంచి ఎక్కి వచ్చేదాకా

వేడినీటి బుగ్గకు వెళ్లాలనుకునేవారు ముందుగా అడిగేది నీళ్లు ఎంత వేడిగా ఉంటాయని. అవసరమైన ప్రశ్నే కానీ, దానికంటే ముందు తేలాల్సింది ఒకటుంది. తిరిగి పైకి ఎక్కడానికి ఎంతసేపు పడుతుంది?

కొండ ఎక్కేవారికి కష్టం ముందు, దిగుడు తర్వాత. లోయకు వెళ్లేవారికి ఇదంతా తలకిందులు. ఒంట్లో సత్తువ ఉన్నప్పుడు దిగుతాం. వేడినీళ్లలో నాని, ఒళ్లు వదులై, చెమటగా బోలెడంత నీరు పోయాక ఎక్కుతాం. నేను మొదటిసారి వెళ్లినప్పుడు ఈ లెక్కే తప్పింది. నీళ్లలో నలభై నిమిషాలు కదలకుండా కూర్చున్నాను. లేచాక మోకాళ్లు నా మాట వినలేదు. గంటలో దిగిన దారి ఎక్కడానికి మూడు గంటలు పట్టింది, అందులో చివరి గంట చీకట్లోనే. కింద రాసిన క్రమంలో చాలా భాగం ఆ సాయంత్రం నేర్పినదే.

## 1. అది స్నానం చేయదగిన బుగ్గేనా?

అన్ని బుగ్గలూ స్నానానికి పనికిరావు. భూమి లోపలికి పోయేకొద్దీ ప్రతి కిలోమీటరుకు సుమారు 25 నుంచి 30 డిగ్రీల సెల్సియస్ చొప్పున వేడి పెరుగుతుంది. అగ్నిపర్వత ప్రాంతాల్లో ఇంకా వేగంగా పెరుగుతుంది. లోతుకు దిగిన వాననీరు ఎంత వేడెక్కింది, పైకి వచ్చే దారిలో ఎంత చల్లారింది అన్నదాన్ని బట్టి ఒక బుగ్గ గోరువెచ్చగా ఉంటుంది, మరొకటి మరిగిపోతూ ఉంటుంది. చూపులకు రెండూ ఒకేలా ఉండవచ్చు.

అమెరికాలోని యెల్లోస్టోన్ జాతీయ పార్కులో వేడి బుగ్గల్లోకి దిగడం నిషేధం. అక్కడా, దాని చుట్టుపక్కలా బుగ్గల్లో కాలిన గాయాలతో 20 మందికి పైగా చనిపోయారు. 1981లో అక్కడి ఒక బుగ్గలో పడిన కుక్కను కాపాడబోయి అందులోకి దూకిన యువకుడు కూడా బతకలేదు. అదే దేశంలో, హూవర్ ఆనకట్టకు దిగువన కొలరాడో నది పారే బ్లాక్ కాన్యన్ అనే ఇరుకు లోయలో, జనం నడిచి వెళ్లి స్నానం చేసే బుగ్గలున్నాయి. కాబట్టి ఫొటో చూసి నిర్ణయానికి రావద్దు. ఆ చోటును చూసుకునే అటవీ శాఖనో, పార్కు కార్యాలయాన్నో అడగండి.

అడగాల్సినవి:

- నీళ్లలోకి దిగడానికి అనుమతి ఉందా? ముందుగా పేరు నమోదు చేసుకోవాలా?
- దారి ఇప్పుడు తెరిచే ఉందా?
- ఇటీవల వరద వచ్చిందా? వస్తే బుగ్గ నీళ్లు నిలిచే కుంటల రూపు మారి ఉంటుంది, పాత వర్ణనలు పనికిరావు.
- దారిలో ఏరు దాటాలా? నిచ్చెనలు, తాళ్లు పట్టుకుని దిగే చోట్లు ఉన్నాయా?
- ఫోను సిగ్నల్ ఎక్కడిదాకా అందుతుంది?

చివరి ప్రశ్నకు "కింద అందదు" అన్న జవాబే ఎక్కువగా వస్తుంది. నిటారు గోడల మధ్య ఉపగ్రహ సంకేతం కూడా సరిగా అందదు, ఫోనులోని మ్యాపు మిమ్మల్ని పక్క గట్టు మీద ఉన్నట్టు చూపించవచ్చు. దారి మ్యాపు ఒకటి కాగితం మీద దగ్గర ఉంచుకోండి.

## 2. రోజు ఎంచుకోవడం: వాన ఎక్కడో, వరద ఇక్కడ

ఇరుకు లోయలో మీ నెత్తిమీది ఆకాశాన్ని చూసి వాతావరణాన్ని అంచనా వేయకూడదు. చూడాల్సింది ఎగువన ఉన్న పరీవాహక ప్రాంతమంతటినీ. 1997 ఆగస్టు 12న అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో, యాంటిలోప్ కాన్యన్ అనే ఇరుకు లోయలో ఆకస్మిక వరదకు 11 మంది పర్యాటకులు బలయ్యారు. వాన గట్టిగా కురిసింది ఎగువన, వారున్న చోటికి కిలోమీటర్ల దూరంలో.

అందుకే వాతావరణ సూచన చూసేటప్పుడు మీ వాగు ఎక్కడెక్కడి నుంచి నీళ్లు తెస్తుందో మ్యాపులో వెతికి, ఆ ఊళ్ల సూచన కూడా చూడండి. ఉరుములతో వాన పడే అవకాశం ఉందంటే ప్రయాణం మానుకోవడమే. "కాస్త పడి ఆగిపోతుందిలే" అన్న మాటను లోయ విషయంలో నమ్మకూడదు.

ఎండ రెండో శత్రువు. పైన చెప్పిన హూవర్ ఆనకట్ట దగ్గరి లేక్ మీడ్ ప్రాంతంలో, బుగ్గలకు వెళ్లే గోల్డ్ స్ట్రైక్, అరిజోనా హాట్ స్ప్రింగ్స్ కాలిబాటలను వేసవి ఎండల కారణంగా మే 15 నుంచి సెప్టెంబరు 30 వరకు మూసేసే నియమం ఉంది. బయట 40 డిగ్రీలున్న రోజున 40 డిగ్రీల నీళ్లలో కూర్చుంటే ఒంట్లోని వేడి పోవడానికి దారే ఉండదు. చలికాలం, లేదా దానికి అటూ ఇటూ ఉండే నెలలు నయం.

లోయలో నది ఉండి, ఎగువన ఆనకట్ట ఉంటే నీళ్లు ఎప్పుడు వదులుతారో తెలుసుకోండి. ఒడ్డున ఆరబెట్టిన బట్టలూ చెప్పులూ నదిలో కొట్టుకుపోయాక తెలుసుకుని ప్రయోజనం లేదు.

## 3. గడియారాన్ని వెనక్కి తిప్పి లెక్క వేయండి

ఈ పని ఇంట్లో కూర్చుని కాగితం మీద చేయాలి. దిగే సమయానికి రెట్టింపు ఎక్కడానికి పడుతుందని అనుకోండి. ఒక చలికాలపు రోజు లెక్క ఇలా ఉంటుంది:

- సూర్యాస్తమయం 6 గంటలకు. పైకి చేరాల్సిన గడువు 5 గంటలు.
- దిగడానికి గంట పట్టే దారి కాబట్టి ఎక్కడానికి 2 గంటలు. నడక మొదలు 3 గంటలకు.
- నీళ్లలోంచి లేచాక అరగంట విశ్రాంతి. అంటే 2.30కి ఒడ్డెక్కాలి.
- స్నానం, మధ్యలో విరామాలు కలిపి గంటన్నర. ఒంటి గంటకల్లా బుగ్గ దగ్గర ఉండాలి.
- కాబట్టి దిగడం మొదలుపెట్టేది 12 గంటలకు. దారి కొత్తదైతే 11కే.

సూర్యాస్తమయానికి గంట ముందే గడువు పెట్టడం అతి జాగ్రత్త అనిపించవచ్చు. ఎత్తైన గోడల వెనక్కి సూర్యుడు చాలా ముందే జారుకుంటాడు. పైన ఇంకా ఎండ కాస్తుండగానే కింద మసక కమ్ముతుంది, చలి పెరుగుతుంది. ఎండ తీవ్రంగా ఉండే కాలమైతే ఈ లెక్కనంతా పొద్దున్నకు జరపండి: తెల్లవారగానే దిగి, ఎండ ముదరకముందే పైకి చేరాలి.

ఈ వేళలు ఇంట్లోనో స్నేహితుల్లోనో ఒకరికి రాసి ఇవ్వండి. "ఈ సమయానికి నా ఫోను రాకపోతే ఫలానా చోటికి కబురు చేయి" అని స్పష్టంగా చెప్పండి.

## 4. సంచిలో ఏముండాలి

- నీళ్లు: మనిషికి కనీసం 3 లీటర్లు, ఎండలో 4. బుగ్గ నీళ్లు తాగవచ్చనుకుని తగ్గించవద్దు. వాటిలో ఆర్సెనిక్, ఫ్లోరైడ్ వంటివి ఉండవచ్చు. మరిగిస్తే అవి పోవు.
- ఉప్పు, చక్కెర ఉన్న తిండి, లేదా ఓఆర్ఎస్ పొట్లాలు.
- నీళ్లలో ముంచదగిన థర్మామీటర్. జ్వరం చూసేది వద్దు, అది 42, 43 డిగ్రీలు దాటితే చూపలేదు. వంటకు వాడేది సరిపోతుంది. దానికి ఒక మీటరు దారం కట్టండి.
- మడమను పట్టి ఉంచే, తడిసినా జారని చెప్పులు. నడకకు వేరే బూట్లు.
- పొడి బట్టలు ఒక జత, నీరు చొరని సంచిలో. నూలు బట్ట తడిస్తే తొందరగా ఆరదు, ఎక్కేటప్పుడు చలి పుట్టిస్తుంది.
- తలకు కట్టుకునే టార్చి, మనిషికొకటి. పగలే తిరిగి వస్తామన్నా సరే.
- ఈల, పలచటి తువ్వాలు, శుభ్రమైన గుడ్డ, కట్టుకట్టే పట్టీ.
- చెత్త తెచ్చుకోవడానికి సంచి.

ఇంట్లో వదిలేయాల్సినవి: గాజు సీసాలు, సబ్బు, షాంపూ, మద్యం, వెండి నగలు. గంధకం ఉన్న నీళ్లు తగిలితే వెండి నల్లబడుతుంది. గాజు పగిలితే రాళ్ల మధ్య ముక్కలు ఏరడం ఎవరివల్లా కాదు, తర్వాత వచ్చేవారంతా ఒట్టికాళ్లతో దిగుతారు.

## 5. ఎవరు ఆగాలి, ఎవరు అడిగి వెళ్లాలి

గర్భిణులు, ఐదేళ్లలోపు పిల్లలు వేడి కుంటల్లోకి దిగకూడదు. చిన్నపిల్లల ఒళ్లు మనకంటే త్వరగా వేడెక్కుతుంది, చర్మం పలచన కావడంతో త్వరగా కాలుతుంది.

గుండె జబ్బు, రక్తపోటు ఉన్నవారు, మూర్ఛ వచ్చేవారు డాక్టరును అడగాలి. వేడికి రక్తనాళాలు విప్పారి రక్తపోటు పడిపోతుంది, రక్తపోటు మాత్రలూ అదే పని చేస్తాయి. రెండూ కలిస్తే లేచి నిలబడగానే కళ్లు తిరుగుతాయి. ఇన్సులిన్ తీసుకునేవారికి ఇంకొక సంగతి: వేడికి ఇన్సులిన్ వేగంగా ఒంట్లోకి చేరుతుంది, చక్కెర ఊహించనంత త్వరగా పడిపోవచ్చు. మధుమేహం వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవారు కాలితో వేడిని పరీక్షించకూడదు. కాలిన సంగతి వారికి ఆలస్యంగా తెలుస్తుంది.

మానని పుండు, కోత ఉంటే ఈసారికి ఒడ్డున కూర్చోండి. ఒంటరిగా మాత్రం ఎవరూ వెళ్లవద్దు.

## 6. దిగడం

ఇక్కడ ఎక్కువ చెప్పడానికి లేదు. నెమ్మదిగా దిగండి, మోకాళ్లను కాపాడుకోండి. ప్రతి మలుపులోనూ ఒకసారి వెనక్కి తిరిగి చూడండి. ఎక్కేటప్పుడు కనిపించే దృశ్యం అదే, దిగేటప్పుడు కనిపించింది కాదు. పక్క వాగులు కలిసే చోట ఫొటో తీసుకోండి. దారి తప్పేది ఎక్కువగా అక్కడే.

దిగుతూనే రెండు వైపులా గోడల మీద పాత వరద గుర్తులు వెతకండి: రాళ్ల సందుల్లో ఇరుక్కున్న కొమ్మలు, ఎండిన మట్టి చార. నీరు అంతవరకు వస్తుందని లోయ స్వయంగా రాసి పెట్టిన గుర్తు అది. అంతకంటే ఎత్తున, చప్పున ఎక్కగలిగిన చోటును బుగ్గ దగ్గరకు చేరగానే ఒకటి చూసి పెట్టుకోండి.

## 7. నీళ్లను పరీక్షించడం

అన్నిటికన్నా ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడ. చేరాక చెమటతో, ఆత్రంతో ఉంటాం కదా. ముందు సంచి దించి, నీళ్లు తాగి, పది నిమిషాలు కూర్చోండి. తర్వాత ఈ వరుసలో:

ముక్కుతో. మురిగిన కోడిగుడ్డు వాసన హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువుది. కొద్దిగా ఉండటం బుగ్గల దగ్గర మామూలే. అది గాలికన్నా బరువైనది, పల్లంలోనూ గుహల్లోనూ పేరుకుంటుంది. మోతాదు బాగా పెరిగితే ముక్కు మొద్దుబారుతుంది కాబట్టి ఘాటైన వాసన హఠాత్తుగా మాయమైతే గాలి బాగుపడిందని అనుకోవద్దు. తలనొప్పి, కళ్లమంట, వికారం మొదలైతే వెంటనే గాలి ఆడే ఎత్తైన చోటికి వెళ్లండి. గుహ లోపలి కుంట ఎంత అందంగా ఉన్నా నేను దిగను.

కళ్లతో. బుగ్గ చుట్టూ తెల్లటి పొర కట్టిన నేల కనిపిస్తే దాని మీద అడుగు పెట్టవద్దు. పొర పలచగా ఉండి, కింద మరిగే నీళ్లుండవచ్చు. నలుగురూ నడిచి గట్టిపడిన దారిలోనే వెళ్లండి. ఆవిరి లేదంటే వేడి లేదని కాదు. గాలి పొడిగా, వెచ్చగా ఉన్న రోజున బాగా వేడి నీళ్ల మీద కూడా ఆవిరి కనబడకపోవచ్చు.

థర్మామీటర్‌తో. ఊట పుట్టే చోటు నుంచి దూరంగా, అన్నిటికన్నా దిగువన ఉన్న కుంటతో మొదలుపెట్టండి. ఒక్కచోట చూస్తే చాలదు. పైన, అడుగున, ఊట వచ్చే మూల, బయటకు పోయే మూల చూడాలి. కదలని నీటిలో వేడి పైకి తేలుతుంది, చల్లదనం అడుగున ఉంటుంది. అడుగు ఇసుకలోంచే ఊట వస్తుంటే ఇది తలకిందులై, పైన గోరువెచ్చగా ఉండి పాదాల కింద చురుక్కుమంటుంది. పొడవాటి కర్రతో కలియబెట్టి మళ్లీ చూడండి.

అంకెలు ఇలా చదువుకోండి:

- 36 నుంచి 38 డిగ్రీలు: హాయి. ఇక్కడే మొదలుపెట్టండి.
- 38 నుంచి 40: ఆరోగ్యవంతులకు 10 నుంచి 15 నిమిషాలు.
- 40 పైన: దిగవద్దు. "నాకు అలవాటే" అనేవారు కూడా.
- 49 దగ్గర కొన్ని నిమిషాల్లో, 55 దగ్గర సుమారు అరనిమిషంలో, 60 దగ్గర 5 సెకన్లలో చర్మం లోతుగా కాలుతుంది.

ఈ చివరి వరుసను మరోసారి చదవండి. 40కీ 60కీ తేడా చూసి చెప్పగలిగినది కాదు. అందుకే థర్మామీటర్ లేకుండా వెళ్లవద్దంటాను.

చివరగా చేత్తో. అంకె సరిగ్గా ఉన్నాక చెయ్యి వెనుక భాగాన్ని ముంచి చూడండి. అరచేతి చర్మం మందం, వేడిని తక్కువ చేసి చెబుతుంది.

## 8. నానడం

కూర్చుని, జారినట్టుగా దిగండి. నాచు పట్టిన బండ మీద నిలబడి అడుగు వేయడం పడిపోవడానికి సులువైన పద్ధతి. దూకడం ఊసే వద్దు: అడుగున రాయి ఎక్కడుందో, ఊట ఎక్కడుందో తెలియదు.

ముందు పాదాలు, రెండు నిమిషాలాగి నడుము దాకా, ఆ తర్వాత ఛాతీ దాకా. భుజాలు పైనే ఉంచితే ఒళ్లు కాస్త చల్లబడే వీలుంటుంది. 10 నిమిషాలకు బయటకు వచ్చి ఒడ్డున 10 నిమిషాలు కూర్చుని నీళ్లు తాగండి. మళ్లీ దిగండి. మూడు విడతలు చాలు. ఒకరు నీళ్లలో ఉంటే ఇంకొకరు ఒడ్డున ఉండాలి, సమయం చెప్పే బాధ్యత ఒడ్డున ఉన్నవారిది. నీళ్లలో ఉన్నవారికి పది నిమిషాలెప్పుడూ మూడు నిమిషాల్లాగే అనిపిస్తాయి.

తల ముంచవద్దు. ఇందులో బేరం లేదు. వెచ్చని మంచినీటిలో నేగ్లేరియా ఫౌలెరి అనే అమీబా పెరుగుతుంది, 46 డిగ్రీల దాకా తట్టుకుంటుంది. నీళ్లు మింగితే దానివల్ల ప్రమాదం లేదు. ముక్కులోకి పోతే మాత్రం వాసన నాడి వెంట మెదడుకు చేరుతుంది. సోకడం చాలా అరుదు, సోకినవారిలో 97 శాతానికి పైగా మరణిస్తారు. అందుకే ముఖం కడుక్కోవడం, నీళ్లు చిమ్ముకోవడం, అడుగు బురదను కెలకడం కూడా వద్దు. పిల్లలకు ఇది దిగకముందే చెప్పాలి, దిగాక వినరు.

పక్కనే చల్లటి ఏరు ఉంటే అందులోకి గభాలున దూకాలనిపిస్తుంది. హఠాత్తుగా తగిలే చలికి గుండె మీద భారం పడుతుంది, ఊపిరి అదుపు తప్పుతుంది. చేతులూ కాళ్లూ తడుపుకుంటే చాలు.

నది ఒడ్డు కుంటల్లో రాళ్లు జరిపి చల్లనీళ్లు కలుపుకునే వీలుంటుంది. ఉన్న రాయిని కొద్దిగా జరపండి, వచ్చేటప్పుడు తిరిగి పెట్టండి. కొత్త అడ్డుకట్టలు కట్టవద్దు.

వెంటనే నీళ్లు వదిలేయాల్సిన సూచనలు:

- తల తేలికైనట్టు ఉండటం, చెవుల్లో హోరు, వికారం.
- గుండె దడ, ముఖం బాగా ఎర్రబడటం.
- ఏరు ఒక్కసారిగా బురదరంగుకు మారడం, పుల్లలూ ఆకులూ కొట్టుకు రావడం, ఎగువ నుంచి రైలు వస్తున్నట్టు శబ్దం. ఇది కనిపిస్తే సంచి కోసం కూడా ఆగవద్దు. ముందే చూసి పెట్టుకున్న ఎత్తుకు ఎక్కండి. వరదతో పోటీపడి దిగువకు పరుగెత్తకండి.

## 9. లేవడం, ఎక్కడం

లేవడంలోనూ వరుస ఉంది. గట్టు మీద కూర్చుని కాళ్లు మాత్రం నీళ్లలో ఉంచండి, రెండు నిమిషాలు. తర్వాత పూర్తిగా బయటకు వచ్చి కూర్చోండి. ఆ తర్వాత ఏదైనా పట్టుకుని నిలబడండి.

ఒళ్లు తుడుచుకుని పొడి బట్టలు వేసుకోండి. అరలీటరు నీళ్లు, కాస్త ఉప్పగా ఉన్న తిండి. అరగంట పూర్తయ్యాకే నడక. ఈ అరగంటలోనే చుట్టుపక్కల చెత్త ఏరవచ్చు.

మొదటి పావుగంట బాగా నెమ్మదిగా నడవండి. గుంపులో అందరికన్నా నెమ్మదిగా నడిచేవారిని ముందు పెట్టండి. మాట్లాడుతూ ఎక్కగలిగే వేగమే సరైనది. ఊపిరి అందక మాట తెగిపోతుంటే ఆగండి. గంటకు అరలీటరు నీళ్లు, ఎండ ఉంటే లీటరు వరకు.

## 10. తప్పు జరిగితే

కాలిన గాయం: బిగుతు బట్టలు, ఉంగరాలు తీసేయండి, చర్మానికి అతుక్కున్నవి లాగవద్దు. పారే చల్లటి నీళ్లు 20 నిమిషాలు. మంచు, పేస్టు, నూనె వద్దు. శుభ్రమైన గుడ్డ వదులుగా కప్పి ఆసుపత్రికి.

ఎవరైనా మరిగే కుంటలో పడితే: మీరు దిగవద్దు. కర్ర, తువ్వాలు, సంచి పట్టీ అందించి లాగండి.

కళ్లు తిరిగితే: నీళ్లలోంచి లాగి నీడలో పడుకోబెట్టి కాళ్లు కొద్దిగా ఎత్తండి. తడి గుడ్డతో ఒళ్లు చల్లబరచండి. పూర్తి తెలివి వచ్చాకే నీళ్లు తాగించాలి. మాట తడబడుతూ, ఒళ్లు కాలిపోతుంటే అది వడదెబ్బ: చల్లబరుస్తూనే సహాయం పిలవండి.

చీలమండ బెణికితే: బూటు విప్పకండి, వాపు వస్తే మళ్లీ తొడగలేరు. పట్టీని బూటు పైనుంచే చుట్టండి.

చీకటి పడిపోతే: దారి స్పష్టంగా తెలిసి, టార్చీలు ఉంటే కదలండి. అనుమానంగా ఉంటే వరద గుర్తుల పైన, గాలి తగలని చోట కూర్చుని తెల్లవారనివ్వండి. ఈల మూడేసి సార్లు ఊదడం సాయం కోరే గుర్తు.

## 11. చోటు వదిలే ముందు

- చర్మం మీది క్రీములూ నూనెలూ దిగకముందే తుడుచుకున్నారా? చిన్న కుంటలో నీళ్లు మారడానికి చాలాసేపు పడుతుంది, వెనుక వచ్చినవారికి నూనె తెట్టు మిగులుతుంది.
- మలమూత్రాలకు నీటికి కనీసం 60 మీటర్ల దూరం పాటించారా? మలాన్ని 15 నుంచి 20 సెంటీమీటర్ల గోతిలో పూడ్చి, కాగితం వెంట తెచ్చుకోవాలి. 60 మీటర్ల వెడల్పే లేని ఇరుకు లోయలైతే మలాన్ని కూడా మూసివున్న సంచిలో పైకి తేవాలి. వినడానికి ఇబ్బందే, అయినా తేవాలి.
- జరిపిన రాళ్లు తిరిగి పెట్టారా?
- తెచ్చిన మనుషులంతా, తెచ్చిన వస్తువులన్నీ ఉన్నాయా?

## 12. ఇంటికి వచ్చాక

కబురు చెప్పి ఉంచిన మనిషికి ముందు ఫోను చేయండి. వెతకడానికి మనుషులు బయల్దేరాక "స్నానం చేసి పడుకున్నాను" అంటే బాగుండదు.

మంచినీళ్లతో, సబ్బుతో ఒళ్లు కడుక్కోండి. చెప్పులూ బట్టలూ ఉతికి ఎండలో పూర్తిగా ఆరనివ్వండి.

రెండు వారాల పాటు ఒక్క విషయం గుర్తుంచుకోండి. తీవ్రమైన తలనొప్పి, జ్వరం, వాంతులు, మెడ పట్టేయడం వంటివి కనిపిస్తే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లి, ఫలానా తేదీన వేడి బుగ్గలో దిగానని, ముక్కులోకి నీళ్లు పోయి ఉంటే ఆ సంగతీ మీరే చెప్పండి. అమీబా సోకితే లక్షణాలు 1 నుంచి 12 రోజుల్లో, సాధారణంగా ఐదో రోజుకు కాస్త అటూ ఇటూగా బయటపడతాయి. మొదట్లో అది బ్యాక్టీరియా వల్ల వచ్చే మెదడు పొరల వాపు (మెనింజైటిస్) లాగే కనిపిస్తుంది. బుగ్గ సంగతి మీరు చెప్పకపోతే డాక్టరు అడగాలని కూడా అనుకోరు.